నల్లగుడ్డు మీద బూజు పుండు: చుక్కలు వేస్తున్నా ఎందుకు తగ్గదు?

క్లుప్తంగా: కార్నియాకు (నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు) పట్టే ఫంగస్ పుండుకు ఇప్పటికీ మొదటి మందు 5 శాతం నాటామైసిన్ చుక్కలే. అవి వేస్తున్నా పుండు మొండికేసిందంటే సాధారణంగా నాలుగు కారణాలు ఉంటాయి: ఆలస్యంగా మొదలుపెట్టడం, మధ్యలో స్టెరాయిడ్ చుక్కలు పడటం, మందు లోతుకు దిగకపోవడం, అసలు అది ఫంగస్ కాకపోవడం. వీటిలో ఏదో తేల్చకుండా సీసా మీద సీసా మారిస్తే రోజులు గడుస్తాయి తప్ప కన్ను కుదుటపడదు.

పొలం నుంచి కంట్లోకి

పత్తి ఏరేటప్పుడు ఎండి పగిలిన కాయ మొన కంటికి గీసుకుంటుంది. వరికోత మిషన్ వెనక నిలబడితే పొట్టు ఎగిరి పడుతుంది. కొనుగోలు కేంద్రంలో వడ్లు ఫ్యాన్ ముందు పోసేటప్పుడు, బత్తాయి తోటలో కొమ్మ పక్కకు జరిపేటప్పుడు, బర్రె తోక విసిరినప్పుడు జరిగేదీ ఇదే. కన్ను నలుపుకుంటారు, నీళ్లు కొట్టుకుంటారు, మళ్లీ పనిలో పడతారు. సాయంత్రానికి కొంచెం గరగర ఉంటుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక నీళ్లు కారుతుంది. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద బియ్యపు గింజంత తెల్లమచ్చ కనిపిస్తుంది. ఊళ్లలో దాన్ని కంట్లో పువ్వు పూసిందంటారు.

ఆ మచ్చలో పెరుగుతున్నది చాలాసార్లు మట్టిలో, ఎండుటాకుల్లో, గడ్డిలో ఉండే బూజే. చల్లటి దేశాల్లో కార్నియా ఫంగస్ అంటే ఎక్కువగా కాండిడా, అంటే ఈస్ట్ జాతి. దక్షిణ భారతంలో మాత్రం దారపు పోగుల్లా పాకే ఫ్యూజేరియం, ఆస్పర్‌జిల్లస్ రకాలదే పైచేయి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ పదేళ్ల రికార్డులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కల్చర్‌లో (పుండులోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) నిర్ధారణ అయిన 1350కి పైగా కేసుల్లో మూడో వంతుకు పైగా ఫ్యూజేరియం, దాదాపు మూడో వంతు ఆస్పర్‌జిల్లస్ కనిపించాయి. సగానికి పైగా కేసుల్లో ముందు కంటికి దెబ్బ తగిలిన చరిత్ర ఉంది.

దక్షిణ తెలంగాణలో ఈ దెబ్బకు కాలం, పంట రెండూ అనుకూలిస్తాయి. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద ఏటా రెండు వరి కోతలు, నల్లగొండ చెల్కల్లో పత్తి, గద్వాల వైపు విత్తనపత్తి, వనపర్తి వైపు పల్లికాయ. గద్వాల విత్తనపత్తి చేలల్లో పువ్వు పువ్వుకూ వంగి చేత్తో పుప్పొడి అద్దే పని ఉంటుంది. ముఖం కొమ్మల మధ్యే ఉంటుంది కాబట్టి కంటికి ఆకు, పుల్ల గీసుకోవడం అక్కడ పనిలో భాగమే అన్నంత మామూలు. కళ్లకు అద్దాలు పెట్టుకుని పనిచేసే అలవాటు మాత్రం దాదాపు ఎక్కడా లేదు.

అర మిల్లీమీటరు మందంలో జరిగే పోరు

కార్నియా మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరు. పైన పలుచని చర్మంలాంటి ఎపిథీలియం, కింద మందమంతా స్ట్రోమా, అడుగున ఒక గట్టి పొర, దాని కింద ఒకే వరుస కణాలు. స్ట్రోమాలో కొల్లాజెన్ పోగులు పేకముక్కల్లా ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. ఫంగస్ పోగు ఆ పేకల సందుల్లోంచి పక్కలకూ పాకుతుంది, లోతుకూ దిగుతుంది. బాక్టీరియాకు సాధారణంగా అడ్డుపడే అడుగు పొరను కూడా చెక్కుచెదరకుండానే దాటి కంటి లోపలికి వెళ్లగల శక్తి దీనికుంది. ఒక్కోసారి పైన పుండు చిన్నగా కనిపిస్తున్నా కార్నియా వెనకవైపు తెల్లటి గడ్డ అతుక్కుని, కంటి లోపల చీము నిలిచి ఉంటుంది. కారణం ఇదే.

కార్నియాలో రక్తనాళాలు ఉండవు. అద్దంలా పారదర్శకంగా ఉండటానికి అదే కారణం, మాత్రలు వేసుకున్నా ఇంజెక్షన్ చేసినా అక్కడికి మందు సరిగా చేరకపోవడానికీ అదే కారణం. అందుకే ఈ జబ్బులో భారమంతా చుక్కల మీదే పడుతుంది.

చుక్కకూ పరిమితులున్నాయి. సీసాలోంచి పడే చుక్క సుమారు 50 మైక్రోలీటర్లు ఉంటే, కంట్లో నిలిచేది అందులో సగం కొంచెం అటూ ఇటూ. మిగతాది చెంప మీదుగా జారిపోతుంది. నిలిచినదాన్ని కూడా కన్నీరు కొద్ది నిమిషాల్లో ముక్కు దారి పట్టిస్తుంది. పైగా నాటామైసిన్ నీళ్లలో కరగని మందు. అందుకే అది పాలలాంటి తెల్లటి ద్రవంగా, అడుగున పొడి పేరుకుని వస్తుంది. అణువు పెద్దది, పై పొర దాటి లోపలికి దూరడం కష్టం. పుండు ఉన్నచోట ఎపిథీలియం ఊడిపోయి ఉంటుంది కాబట్టి ఆ మేరకు దారి దొరుకుతుంది.

డాక్టర్ రెండు మూడు రోజులకోసారి పుండు పైభాగాన్ని బ్లేడుతో సున్నితంగా గీకి తీయడం వెనక లెక్క ఇదే. చచ్చిన పొర పోతుంది, ఫంగస్ భారం తగ్గుతుంది, మందుకు దారి తెరుచుకుంటుంది. పుండు మళ్లీ గీకారని, గాయం పెద్దది చేశారని ఇంటివాళ్లు బాధపడటం సహజమే. కానీ లోతైన పుండులో ఆ గీకుడు కూడా వైద్యంలో సగం పనిచేస్తుంది.

మూడు మందులు, మూడు స్వభావాలు

ఫంగస్ కణం పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. మనిషి కణంలో దాని స్థానంలో కొలెస్ట్రాల్ ఉంటుంది. ఈ తేడా మీదే ఈ మందులన్నీ నడుస్తాయి.

నాటామైసిన్ ఎర్గోస్టెరాల్‌కు అతుక్కుని ఆ పొర పనిని స్తంభింపజేస్తుంది. అమెరికాలో 1978లో అనుమతి పొందిన ఈ మందును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఆంఫోటెరిసిన్-బి కూడా ఎర్గోస్టెరాల్‌నే పట్టుకుంటుంది, అయితే పొరకు రంధ్రాలు పెడుతుంది. కాండిడా మీద, కొన్ని ఆస్పర్‌జిల్లస్ రకాల మీద బాగా పనిచేస్తుంది, ఫ్యూజేరియం మీద అంతగా కాదు. వొరికోనజోల్ దారి వేరు. అది ఎర్గోస్టెరాల్ తయారీనే ఆపుతుంది. అణువు చిన్నది, కార్నియాలోకి తేలిగ్గా దిగుతుంది. లోతుకు దిగే మందే మేలని ఎవరికైనా అనిపిస్తుంది. 2000 తర్వాత చాలామంది డాక్టర్లు అటు మొగ్గింది కూడా అందుకే.

ఆ అంచనాను తేల్చింది దక్షిణ భారతంలోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 323 మంది మీద జరిపి 2013లో ప్రచురించిన పరీక్ష. సగం మందికి 5 శాతం నాటామైసిన్, సగం మందికి 1 శాతం వొరికోనజోల్ వేశారు. నాటామైసిన్ వాడినవాళ్లకు చూపు మెరుగ్గా మిగిలింది. కార్నియాకు రంధ్రం పడటం, అత్యవసర మార్పిడి అవసరం కావడం తక్కువగా జరిగింది. ఫ్యూజేరియం కేసుల్లో తేడా మరీ స్పష్టం: చూపు పరీక్షించే అక్షరాల చార్టు మీద దాదాపు నాలుగు వరుసలు. మిగతా ఫంగస్‌లలో రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వొరికోనజోల్ లోతుకు దిగుతుంది నిజమే, కానీ దిగినచోట ఫ్యూజేరియం దానికి లొంగదు. తక్కువ దిగినా చంపే మందు, ఎక్కువ దిగినా చంపలేని మందు: ఈ రెంటి మధ్య తేడా ఆ పరీక్షలో తేటతెల్లమైంది.

మాత్రల సంగతి 2016లో తేలింది. భారత్, నేపాల్‌లలో బాగా ముదిరిన 240 కేసుల్లో చుక్కలతోపాటు సగం మందికి వొరికోనజోల్ మాత్రలు కూడా ఇచ్చారు. మొత్తం మీద అదనపు ప్రయోజనం కనిపించలేదు, దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి. ఫ్యూజేరియం కేసుల్లో కొంత మేలు ఉండొచ్చన్న సూచన వచ్చింది. అందుకే పుండు చాలా లోతుగా ఉన్నప్పుడో, తెల్లగుడ్డు అంచుదాకా పాకినప్పుడో మాత్రలు కలుపుతారు. రోజుకు రెండుసార్లు 200 మిల్లీగ్రాములు మామూలు మోతాదు, కాలేయ పరీక్ష తప్పనిసరి. చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది కాబట్టి పొలం పనివాళ్లకు ముందే చెప్పాలి.

నాటామైసిన్‌కు బదులు చవకగా క్లోర్‌హెక్సిడీన్ అనే క్రిమిసంహారకం వాడొచ్చా అన్న ప్రశ్నకు 2022లో నేపాల్ నుంచి జవాబు వచ్చింది. నాటామైసినే స్పష్టంగా మెరుగు. అది దొరకనిచోట మాత్రమే రెండోది.

తయారీలోనూ పొరపాట్లు జరుగుతాయి. ఆంఫోటెరిసిన్ కంటి చుక్కగా తరచూ సిద్ధంగా దొరకదు. 50 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ సీసాలోంచి 0.15 శాతం ద్రావణం చేయాలంటే మొత్తం సుమారు 33 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లు పడతాయి. ఇక్కడ సెలైన్ వాడకూడదు. ఉప్పు తగిలితే మందు విరిగి అడుగున దిగిపోతుంది, రోగి కంట్లో పడేది ఉత్త నీళ్లే. కలిపిన సీసాకు వెలుతురు తగలకుండా చుట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని అడగకుండా ఈ చుక్కలు రాసి పంపితే, వేసవి పాలమూరులో ఆ సీసా గతి ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి పది రోజులు

మొండితనంలో చాలా భాగం జబ్బుది కాదు, అది తయారయ్యేది డాక్టర్‌ను చేరే ముందే. నలుసు తీయడానికి నాలుకతో నాకించడం, ఆకుపసరు పిండటం, చనుబాలు పోయడం, ఆముదం వేయడం వల్ల దెబ్బతిన్న కంట్లోకి కొత్త క్రిములు చేరతాయి. వీటిని మించిన హాని మాత్రం మందుల దుకాణంలో దొరికే ఎర్రకన్ను చుక్కలది.

ఆ సీసాల్లో చాలావాటిలో యాంటీబయోటిక్‌తోపాటు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వేసిన గంటల్లోనే ఎరుపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. మనిషికి గుణం కనిపించినట్టే ఉంటుంది. నిజానికి స్టెరాయిడ్ ఆపేది ఒంటి రక్షణ కణాల పనిని. ఫంగస్‌ను చుట్టుముట్టాల్సిన తెల్లకణాలు వెనక్కి తగ్గగానే అది స్ట్రోమాలో అడ్డూ అదుపూ లేకుండా పాకుతుంది. వారం తర్వాత చుక్కలు ఆపగానే కన్ను ఒక్కసారిగా భగ్గుమంటుంది. అప్పటికి పుండు లోతు మారిపోయి ఉంటుంది. యాంటీబయోటిక్ ఒక్కటే వేసినా, ఫంగస్ మీద పనిచేయక రోజులు వృథా అవుతాయి. స్టెరాయిడ్ కలిసిన చుక్క అయితే జబ్బుకే బలమిస్తుంది.

ఆర్‌ఎంపీలను, షాపువాళ్లను తిట్టి లాభం లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల చిల్లర, గద్వాల నుంచి రెండు వందలకు దగ్గర. కోతల కాలంలో ఒక రోజు కూలీ, ఇద్దరి బస్సు చార్జీలు పెట్టి ఎర్రకన్ను కోసం ఎవరూ ముందే వెళ్లరు. పక్కన దొరికేవాడి దగ్గరికే వెళతారు. అందుకే ఊళ్లో మొదట చూసేవాళ్లకు, షాపువాళ్లకు ఒక్క నియమం చేరినా చాలు: పుల్ల, పొట్టు, ఆకు, మట్టి తగిలిన కంటికి స్టెరాయిడ్ ఉన్న చుక్క ఇవ్వొద్దు, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి పంపాలి. సీసా మీద పేరు చివర ‘సోన్’, ‘లోన్’ అని వచ్చే మందు ఉంటే (డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్) అది స్టెరాయిడే.

ఫంగస్‌లా కనిపించే ఇంకొకటి

ఫంగస్ పుండుకు అంచులు ఈకల్లా చెదిరి ఉంటాయి, పైభాగం పొడిగా, కొంచెం ఉబ్బుగా ఉంటుంది, పక్కన చిన్న చుక్కల్లాంటి పిల్ల మచ్చలుంటాయి. కర్వులేరియా లాంటి నల్లజాతి ఫంగస్ అయితే పుండు మీద గోధుమరంగు పొక్కు కట్టొచ్చు. కానీ కంటితో చూసి మాత్రమే మందు మొదలుపెట్టడం సాహసం. పుండు గీకిన పదార్థాన్ని గాజుపలక మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌తో పెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తే కొద్ది నిమిషాల్లో ఫంగస్ పోగులు కనిపిస్తాయి. ఖర్చు తక్కువ, ఫలితం అదే పూట. జిల్లా స్థాయిలో ఈ ఒక్క పరీక్ష నమ్మకంగా జరిగితే చాలా కళ్లు దక్కుతాయి. కల్చర్‌కు రోజులు పడతాయి. పెరుగుదల లేదని తేల్చాలంటే రెండు వారాల దాకా చూస్తారు.

మైక్రోస్కోప్ కింద కూడా మోసపోయే సందర్భం ఒకటుంది. దాని పేరు పైథియం ఇన్సిడియోసం. నీళ్లు నిలిచే చోట్ల, వరి మడుల్లో బతికే జీవి. పోగులు ఫంగస్ పోగుల్లాగే ఉంటాయి, కాకపోతే రిబ్బన్‌లా వెడల్పుగా, మధ్య గోడలు తక్కువగా. ఇది ఫంగస్ కాదు. దీని పొరలో ఎర్గోస్టెరాల్ లేదు. అందువల్ల నాటామైసిన్, ఆంఫోటెరిసిన్, వొరికోనజోల్ మూడింటికీ పట్టుకునే చోటే దొరకదు. పేరు తేలక పక్కన పెట్టిన ‘ఫంగస్’ కల్చర్లలో కొన్ని పైథియమే అని హైదరాబాద్‌లో డీఎన్ఏ పరీక్షల ద్వారా బయటపడింది. పుండు నుంచి కాళ్లు చాచినట్టు సన్నటి చారలు, చుట్టూ గసగసాల్లాంటి చుక్కలు, అంచున గాడి పడటం దీని ఆనవాళ్లు. దీనికి లినెజోలిడ్, అజిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ మందులు వాడతారు, చాలామందికి చివరికి కార్నియా మార్పిడి అవసరపడుతుంది. నాటామైసిన్ సరిగా వేస్తున్నా పుండు రోజురోజుకూ వేగంగా పెరుగుతుంటే ముందుగా దీన్నే అనుమానించాలి.

ఇంట్లో చుక్కల లెక్క

మామూలు పద్ధతి: మొదటి రెండు రోజులు రాత్రింబవళ్లు గంటకో చుక్క, తర్వాత మేలుకున్నంతసేపు గంటకు, ఆపై రెండు గంటలకు. మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకు మించి. కాగితం మీద తేలిగ్గానే కనిపిస్తుంది. 5 మిల్లీలీటర్ల సీసాలో సుమారు వంద చుక్కలుంటాయి. మొదటి రెండు రోజులకే యాభై ఖర్చయి, ఐదో రోజుకు సీసా అయిపోతుంది. ఆసుపత్రి నుంచి ఒకే సీసాతో ఇంటికెళ్లిన మనిషి ఆరో రోజున మందు లేకుండా ఉంటాడు. ఊళ్లో దుకాణంలో నాటామైసిన్ దొరకదు. మందు పనిచేయలేదని రాసిన కేసుల్లో ఇలాంటివి ఎన్నో ఉంటాయి.

వేసే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. చేతులు కడిగి, సీసాను అడుగున తెల్లపొడి మిగలకుండా గట్టిగా కుదపాలి. కుదపకపోతే మొదట్లో పలుచటి నీళ్లు, చివర్లో చిక్కటి ముద్ద పడతాయి. కిందిరెప్ప లాగి ఒక్క చుక్క వేయాలి, రెండోది వృథా. రెండు నిమిషాలు కన్ను మూసి, ముక్కు పక్క మూలన వేలితో అదిమి ఉంచాలి. పాప విప్పే చుక్కలు (నొప్పి తగ్గడానికి, పాప అతుక్కోకుండా వేసేవి) కూడా ఉంటే రెంటి మధ్య ఐదు నిమిషాలు ఆగాలి. సీసా మొన రెప్పకు తగలకూడదు. నాటామైసిన్ పుండు మీద తెల్లగా పేరుకుంటుంది. అది చూసి మచ్చ పెరిగిందని భయపడి మానేసేవాళ్లు ఉన్నారు.

రాత్రి చుక్కలు వేయడానికి పక్కన ఇంకో మనిషి కావాలి. ఒంటరి ముసలివాళ్లను, భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్లేవాళ్లను మొదటి నాలుగైదు రోజులు వార్డులో ఉంచడమే మంచిది.

తగ్గుతోందని ఎలా తెలుస్తుంది

ఫంగస్ నిదానంగా తగ్గుతుంది. మూడో రోజుకే మందు మార్చడం తొందరపాటు. నొప్పి తగ్గడం, ఈకల్లాంటి అంచులు మొద్దుబారి గుండ్రబడటం, మచ్చ చిక్కదనం పలుచబడటం, లోపలి చీము దిగడం మంచి గుర్తులు. పైపొర మూసుకోవడం ఒక్కటే గుర్తుగా తీసుకోకూడదు, దాని కింద ఫంగస్ బతికే ఉండొచ్చు. దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది. ఫంగస్ చచ్చినా చుక్కల విషం వల్లే పైపొర మానదు, కన్ను ఎర్రగానే ఉంటుంది. అప్పుడు కావాల్సింది మందు తగ్గించడం. ఈ రెంటినీ వేరు చేయడానికి ఆరో రోజు ప్రాంతంలో మళ్లీ గీకి పరీక్షకు పంపడం ఉపయోగపడుతుంది. అప్పటికీ ఫంగస్ పెరుగుతుంటే ఫలితం బాగుండదని అధ్యయనాల్లో తేలింది. మార్పు గురించి ఆలోచించాల్సింది అప్పుడే.

ఆ మార్పులో ఆశ పెట్టుకున్న కొన్ని దారులు నిరాశపరిచాయి. వొరికోనజోల్‌ను సన్నసూదితో నేరుగా స్ట్రోమాలోకి ఎక్కించే పద్ధతి (0.1 మిల్లీలీటరులో 50 మైక్రోగ్రాములు) మందు దిగదన్న సమస్యకు సరైన జవాబులాగే కనిపించింది. 2019లో ప్రచురితమైన పరీక్షలో అందరికీ చేసినప్పుడు లాభం లేకపోగా రంధ్రాలు పెరిగాయి. ఇప్పుడు ఎంపిక చేసిన లోతు పుండ్లకే పరిమితం. రైబోఫ్లేవిన్ వేసి అతినీలలోహిత కిరణాలు పట్టే క్రాస్‌లింకింగ్ కూడా 2020 పరీక్షలో మేలు చూపలేదు, చూపు ఇంకా తగ్గింది. వైద్యుడు కొత్త యంత్రం ఉందంటే ఆశ కలగడం సహజం కాబట్టి ఈ ఫలితాలు రోగుల కుటుంబాలకు తెలియడం అవసరం.

కార్నియా పలుచబడి చిన్న రంధ్రం పడితే, సుమారు రెండు మిల్లీమీటర్ల లోపయితే, జిగురుతో మూసి పైన కాంటాక్ట్ లెన్స్ పెడతారు. అంతకు మించితే, లేదా పుండు తెల్లగుడ్డు అంచుకు చేరబోతుంటే, దానం చేసిన కార్నియాతో మార్పిడి చేస్తారు. జబ్బు కణజాలమంతా పోవాలి కాబట్టి పుండు అంచు దాటి అర నుంచి ఒక మిల్లీమీటరు ఆరోగ్యకరమైన భాగాన్ని కూడా కోసి తీస్తారు. అందుకే ఆలస్యమయ్యేకొద్దీ ముక్క పెద్దదవుతుంది, పెద్ద ముక్క అతకడం కష్టం. ఈ ఆపరేషన్ లక్ష్యం మొదట కంటిని కాపాడటం, చూపు తర్వాత. చూపుకు పనికిరాని, గ్లిజరిన్‌లో నిల్వ ఉంచిన కార్నియా కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. కోసిన ముక్కను మళ్లీ కల్చర్‌కు పంపుతారు. అతికిన కార్నియాను ఒళ్లు తిరస్కరించకుండా మామూలుగా వెంటనే వేసే స్టెరాయిడ్ చుక్కలను ఇక్కడ ఆపి ఉంచి, నాటామైసిన్ కొనసాగిస్తారు. కొత్త కార్నియా అంచున ఫంగస్ మళ్లీ మొలవలేదని తేలాకే స్టెరాయిడ్ మొదలవుతుంది.